కారని మైనం

ముందు ఆ చారని చూడాలి. కొవ్వొత్తి పైఅంచు ఎడమవైపున గోటితో నొక్కినంత పల్లం ఉంది. చార అక్కడ మొదలై సన్నగా దిగింది. రెండంగుళాలు దిగాక కాస్త లావైంది, ఇంకో అరంగుళం జారి కందిగింజంత బొట్టుగా ఆగిపోయింది. బొట్టు కింద మళ్లీ నున్నటి ఒళ్లే. ఆ పల్లంలోంచే రెండో చార పుట్టి, కొంతదూరం విడిగా నడిచి, మొదటిదాని మీదికెక్కి అందులో కలిసిపోయింది. కుడివైపున చారలు ఒక్కటీ లేవు. గాలి మంటని ఎటు వంచితే అటు అంచే ముందు కరుగుతుంది. కిటికీ ఒకవైపే ఉన్న గదిలో కాసేపు వెలిగిన కొవ్వొత్తి ఇలాగే ఉంటుంది.

ఈ కొవ్వొత్తి ఎప్పుడూ వెలగలేదు. దీనికి అగ్గిపుల్ల తగలలేదు, తగలదు. ఫ్లెక్సీ షాపులో పారేసిన అట్ట గొట్టం, మిఠాయి కొట్లో వాడే బటర్ పేపరు, గ్లూ గన్‌తో వదిలిన జిగురు, గోడకు కొట్టగా మిగిలిన డిస్టెంపర్, లోపల ఒక చిన్న ఎల్‌ఈడీ. కొలిమీ లేదు, అచ్చూ లేదు. చేసినావిడ ఇంటి వసారాలో కుట్టుమిషను పక్కన చాప మీద కూర్చుని చేశారు. చర్చిలో నాలుగో వరసలో కూర్చున్నవాళ్లెవరూ దీన్ని అనుమానించరు. పక్కన నిలబడి చూసినా కొద్దిసేపటిదాకా అనుమానం రాదు. ఆ పనితనం గురించి రాయాలనే ఈ ప్రయత్నం.

గుంటూరు, ప్రకాశం జిల్లాల పాత సరిహద్దు మీద, చిలకలూరిపేటకీ మార్టూరుకీ మధ్య, హైవేకి లోపలగా ఉన్న ఊరు అది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక అక్కడి ఊళ్లు కొన్ని పల్నాడులోకీ కొన్ని బాపట్లలోకీ వెళ్లాయి. నేల మారలేదు. నల్లరేగడి, పత్తి, మిరప. ఆవిడ పేరు రాయవద్దన్నారు. ఊరంతా టీచరమ్మ అంటారు కాబట్టి నేనూ అదే అంటాను. జీతం వచ్చే టీచరు కాదు. వారమంతా జాకెట్లు కుడతారు, ఆదివారం పిల్లలకి సండేస్కూలు చెబుతారు.

ఆ చుట్టుపక్కల క్రిస్మస్ ఒక్క రోజు పండగ కాదు. డిసెంబరు మొదలైన దగ్గర్నుంచీ సెమీ క్రిస్మస్‌లు. ఒకరోజు యౌవనస్థులది, ఒకరోజు స్త్రీల సమాజానిది, ఒకరోజు సండేస్కూలు పిల్లలది. దీని వెనక పొడవాటి చరిత్ర ఉంది. లూథరన్ మిషనరీ హైయర్ గుంటూరు చేరింది 1842లో. గుండ్లకమ్మ ఒడ్డున 1878 జులై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నది ఒంగోలు బాప్టిస్టు మిషన్ చరిత్రలో ప్రతివాళ్లూ చెప్పుకునే సంగతి. ఫిరంగిపురం బాలయేసు గుడి తిరునాళ్లకు అన్ని మతాలవాళ్లూ వెళతారు. ఇన్ని తరాలుగా పాతుకున్న పండగకి ఆ ఊళ్ల సొంత అలంకారాలు కూడా తయారయ్యాయి. ఇంటిమీద కట్టే నక్షత్రం, వరిగడ్డితో వేసే పశువుల పాక, రంగుకాగితాల తోరణాలు, పిల్లల నాటకంలో జ్ఞానులకు అట్ట కిరీటాలు. చివర్లో క్యాండిల్ లైట్ సర్వీసు.

ఇప్పుడు ఆ జాబితానే ఇంకోసారి చదవండి. వరిగడ్డి, కాగితం, అట్ట. వీటి మధ్య మంట.

పైగా అది పత్తి తీసే కాలం. డిసెంబరులో ఆ ఊళ్లలో చాలా ఇళ్లలో పత్తి ఉంటుంది. రేటు రాలేదని అమ్మకుండా ఆపిన పత్తి ముందు పంచలోకి వస్తుంది, తర్వాత నడవలోకి, చివరికి పడగ్గదిలోకి. మంచాలు గోడకి జరుగుతాయి. గింజ తీయని పత్తికి నిప్పు అంటుకుంటే పైన మంట ఆర్పినంత మాత్రాన అయిపోదు. కుప్ప లోపల గాలి చిక్కుకుని ఉంటుంది, నిప్పు లోపల్లోపలే రాజుకుంటూ ఎక్కడో మళ్లీ పైకి లేస్తుంది. జిన్నింగు మిల్లు గేటు దగ్గర బీడీ, అగ్గిపెట్టె తీసి పక్కన పెట్టమనేది అందుకే. మిర్చి కల్లాల మీదికొచ్చి, టిక్కీలనే బస్తాలకెత్తి ఇంటికి చేరే రోజులకి ఈస్టరు వస్తుంది. మిరపకాయ కాలితే మంట కన్నా ముందు పొగ మనిషిని పడేస్తుంది. పత్తీ మిరపా పండించే ఇంట్లో ఆడవాళ్లకి దీపం ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో పుట్టుకతో వచ్చినంత గట్టిగా తెలుసు.

టీచరమ్మ ఈ పని మొదలుపెట్టింది అక్కణ్ణించే. అందం కోసం కాదు, పిల్లల నాటకంలో గడ్డి పక్కన కొవ్వొత్తి పెట్టడానికి మనసొప్పక. కానీ అక్కడితో ఆగి ఉంటే బజార్లో దొరికే ప్లాస్టిక్ దీపం తెచ్చి పెట్టేవారు. ఆగలేదు. అక్కణ్ణించి ముందుకెళ్లిన దూరమంతా పనితనమే.

గొట్టాలతో మొదలుపెడదాం. ఫ్లెక్సీ గుడ్డ చుట్టి వచ్చే అట్ట గొట్టం గట్టిది, గోడ మందం, తడి చెయ్యి తగిలినా మెత్తబడదు. పుట్టినరోజు బ్యానర్లూ నాయకుల స్వాగతాలూ అచ్చేసే షాపు ప్రతి ఊళ్లోనూ ఉంది కాబట్టి గొట్టాలకి కరువు లేదు. గణపవరం చుట్టుపక్కల స్పిన్నింగు మిల్లుల్లో నూలు చుట్టే అట్ట కోన్లు కూడా చౌకగా దొరుకుతాయి. కానీ అవి పైకి పోనుపోను సన్నబడతాయి. లావాటి కొవ్వొత్తి అలా ఉంటే కన్ను ఒప్పుకోదు. అందుకని కోన్లని బోర్లించి, నలుపూ ఇత్తడి రంగూ కలిపి పూసి, కొవ్వొత్తి నిలబెట్టే స్టాండ్లు చేశారు. కొయ్యలో చిత్రిక పట్టించిన స్టాండ్లనుకున్నాను.

గొట్టాన్ని హాక్సా బ్లేడుతో కోస్తారు. ఇక్కడే మొదటి ఆలోచన. కొవ్వొత్తులు గుంపుగా పెట్టేటప్పుడు ఎత్తులు వేర్వేరుగా ఉంటే బాగుంటుందని అందరికీ తెలుసు. మరి ఒకే సైజువి ఒకేసారి వెలిగిస్తే ఎత్తులు ఎందుకు మారతాయి? ఒకటి ఎక్కువ సేపు వెలిగి ఉండాలి. ఎక్కువసేపు వెలిగిందంటే ఎక్కువ మైనం కరిగి ఉండాలి. కాబట్టి గుంపులో పొట్టిదానికే ఎక్కువ చారలు, దానికే పైన లోతైన గుంట, దాని అడుగునే కారి పేరుకున్న మైనం. పొడుగుదాని మీద ఒకే చార, అదీ చిన్నది. కావాలనే ఒకదాన్ని అసలు కారనివ్వకుండా వదిలేశారు. చూసేవాళ్లు ఈ లెక్క వేయరు. వేయకపోయినా ఆ గుంపు వాళ్లకి నిజమనిపిస్తుంది, ఎందుకంటే ప్రతి కొవ్వొత్తికీ వెనక ఒక గడిచిన కాలం ఉంది.

తర్వాత అంచు. కోసిన గొట్టానికి అంచు పదునుగా, చదునుగా ఉంటుంది. మైనానికి పదునైన అంచు ఉండదు. లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే క్రిస్మస్ సెలవుల్లో పిల్లలకి కొవ్వొత్తి మీద వరస ఉపన్యాసాలిచ్చాడు. 1861లో పుస్తకంగా వచ్చాయి. వాటిలో మొదటి ఉపన్యాసంలోనే ఈ అంచు సంగతి ఉంది. మంట వేడికి గాలి పైకి లేస్తుంది, దాని చోటు నింపడానికి చుట్టూ ఉన్న చల్లటి గాలి కొవ్వొత్తి ఒంటిని రాసుకుంటూ వస్తుంది. అందుకని బయటి అంచు చల్లగా, కాస్త ఎత్తుగా నిలుస్తుంది, మధ్యలో మాత్రం కరిగి గిన్నె ఏర్పడుతుంది. ఆ గిన్నె ఉన్నంతసేపూ మైనం వత్తికి అందుతూ ఉంటుంది. గాలి అడ్డం తిరిగి గిన్నె గోడ ఒకచోట తెగితే మైనం బయటికి కారుతుంది. కారడమంటే గిన్నె తెగడం. టీచరమ్మ ఆ ఉపన్యాసాలు చదవలేదు. 2012 నాటి కరెంటు కోతల్లో కొవ్వొత్తి పక్కన పెట్టుకుని జాకెట్లకి కాజాలు కుట్టారు. రాత్రులు రాత్రులు ఆ అంచుని చూశారు. తీరా ఆవిడ చేత్తో చేసింది ఫారడే చెప్పినదే. పైఅంచు తడిగా ఉండగానే చెంచా వెనకభాగంతో కొద్దిగా లోపలికి వంచుతారు. ఒకచోట పల్లం నొక్కుతారు. ఆరాక అంచంతా జిగురు తీగ ఒకటి పోసి గుండ్రం చేస్తారు. చార ఎప్పుడూ ఆ పల్లం దగ్గరే మొదలవుతుంది. పల్లం లేనిచోట చార ఉండదు. అలంకారానికి చేసిన బొమ్మ కొవ్వొత్తులు చాలా చూశాను. వాటి మీద చారలు చుట్టూ సమాన దూరంలో, ఇంచుమించు ఒకే పొడవున దిగి ఉంటాయి. చెయ్యికి ముగ్గు వేసే అలవాటు ఉంటుంది, సమానంగా సర్దేస్తుంది. ఆ అలవాటుని ఆపుకోవడమే ఈ పనిలో కష్టమని నాకనిపించింది.

ఇంకో చిక్కుంది. దీన్ని ఆవిడ విప్పిన తీరుకే నాకు ఎక్కువ గౌరవం. నిజం కొవ్వొత్తి వెలుగుతున్నప్పుడు మంట ఒక్కటే వెలగదు. పైన అంగుళం, అంగుళంన్నర మేర మైనం గోడంతా లోపలి వెలుగుతో పచ్చగా నిండుతుంది. చీకట్లో కొవ్వొత్తికి ఆ మెత్తదనం వచ్చేది దానివల్లే. అట్ట గొట్టంలోంచి వెలుగు రాదు. లోపల ఎంత మంచి దీపం పెట్టినా అది గొట్టంలో పెట్టిన దీపంగానే కనిపిస్తుంది. టీచరమ్మ గొట్టం పైభాగం అంగుళంన్నర కోసి తీసేశారు. ఆ చోట బటర్ పేపరు గోడ కట్టారు. నీళ్లు కలిపి పల్చన చేసిన ఫెవికాల్ రాస్తూ, సరిపడా లావున్న సీసా చుట్టూ బటర్ పేపరుని నాలుగైదు పొరలు చుట్టి, కాస్త ఆరాక సీసా లాగేస్తే గట్టి గొట్టం మిగులుతుంది. వెలుగు దాటుతుంది, వెనక ఏముందో కనబడదు. చెంచాతో అంచు వంచడం కూడా ఈ కాగితం గోడకే, ఫెవికాల్ ఇంకా పచ్చిగా ఉన్నప్పుడు. దాన్ని అట్ట గొట్టం మీద కూర్చితే రెండింటి మధ్య అతుకు ఒంటి చుట్టూ గీతగా తేలుతుంది. ఆ గీతను దాచేది చారలు. కొన్ని దాని మీదుగా దిగుతాయి, రెండు బొట్లు సరిగ్గా దాని మీదే ఆగుతాయి, మిగిలినచోట ఎమరీ పేపరుతో రాసి రంగు కొడతారు. దర్జీ చెయ్యి కదా. అతుకు ఎక్కడ పడాలో, దాని మీద ఏ మడత రావాలో ముందే నిర్ణయించుకుంటారు.

చారలకి ముందు మైదా జిగురు వాడేవారట. మైదా ఉడకబెట్టి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపి, సుద్దపొడి వేసి చిక్కబరిచి. అది ఆరేటప్పుడు కుంచించుకుని పగులుతుంది. మైనం పగలదు. పాత కొవ్వొత్తి ముక్కలు కరిగించి నిజం మైనమే పోయొచ్చు కదా అంటే దానికి ఎండాకాలం సమాధానం. కొవ్వొత్తుల మైనం అరవై డిగ్రీల దగ్గర్లోనే కరుగుతుంది, అంతకన్నా చాలా ముందే మెత్తబడుతుంది. రెంటచింతల ఎండలు తెలిసిన జిల్లా ఇది. మే నెలలో రేకుల గదిలో పెట్టెలో పడుకోబెట్టిన కొవ్వొత్తులు వంగి లేస్తాయి. ఏటేటా వాడుకోవాలంటే మైనం పనికిరాదు. అందుకే గ్లూ గన్. చిన్నది సరిపోతుంది, ఏడు మిల్లీమీటర్ల స్టిక్కులు పట్టేది. వేడి జిగురు గన్ను మూతి దగ్గర నీళ్లగా వస్తుంది, గొట్టం మీద పడ్డాక నిమిషంలోపే గట్టిపడుతుంది. ఆ నిమిషంలోనే చార పుట్టాలి.

ఆవిడ చార గీయరు. గొట్టాన్ని నిటారుగా నిలబెట్టి, పల్లం దగ్గర జిగురు వదిలి, చెయ్యి వెనక్కి తీసుకుంటారు. బరువుకి అది దానంతటదే దిగుతుంది. మొదట వేగంగా, చల్లారేకొద్దీ నెమ్మదిగా, చివర్లో ముద్దై ఆగుతుంది. నిజం మైనం ఆగేదీ అలాగే, ఆ కారణంతోనే. అందుకే ఆ బొట్టు అంత సహజంగా ఉంది. అక్కడ నకలు లేదు, జరగాల్సింది జరగనిచ్చారంతే. రెండో విడత జిగురు మొదటిది పూర్తిగా చల్లారాక, అదే పల్లంలోంచి. అది పాత చార మీదుగా కొంత జారి పక్కకి తప్పుకుంటుంది. ఒక్క చార మాత్రం అడుగుదాకా వెళ్లనిచ్చి అక్కడ చిన్న మడుగు కట్టనిస్తారు. పని నడుస్తుండగా ఒక్కసారి తలెత్తి, "ఫ్యానాపమ్మాయ్, చార వంకర పోద్ది" అన్నారు కూతురితో. ఫ్యాను గాలికి జిగురులోంచి సన్నటి పోగులు లేస్తాయి. అవి అంటుకుంటే నకిలీ అని వెంటనే తెలిసిపోతుంది. వాటిని చల్లారాక చేత్తో ఒక్కొక్కటీ ఏరేస్తారు. జిగురు ఒంటికి అంటుకుని చర్మం లేపేంత వేడి కాబట్టి పిల్లలకి గన్ను ఇవ్వరు. పోగులు ఏరే పని మాత్రం పిల్లలదే. వాళ్ల గోళ్లు సన్నవి.

రంగు దగ్గర చాలామంది తెలుపు వేసేస్తారు. ఇంట్లో వెలిగించే కొవ్వొత్తి తెల్లగానే ఉంటుంది మరి. కానీ అది వెలుగు మింగి వదిలే తెలుపు, గోడ తెలుపు కాదు. డిస్టెంపర్‌తో ఆ లోతు రాదు. టీచరమ్మ తెలుపులో చిటికెడు పసుపుపచ్చ స్టెయినర్, అంతకన్నా తక్కువ మట్టిరంగు కలిపి మీగడ రంగుకి తెస్తారు. కొంచెం ఫెవికాల్ కూడా కలుపుతారు, లేకపోతే జిగురు చారల మీద రంగు పట్టక పెచ్చులు లేస్తుంది. అట్ట భాగానికి మూడు పూతలు. బటర్ పేపరు భాగానికి ఒకే ఒక్క పల్చటి పూత, వెలుగు ఆగకుండా. రెండు చోట్లా రంగు ఒకటిగా కనబడాలి, మందం మాత్రం వేరు. ఇది మాటల్లో తేలిక. చారల బొట్లు ఉన్నచోట కింది అంచున మట్టిరంగు కాస్త ఎక్కువ పడనిస్తారు, నీడ దిగినట్టు. అంతా ఆరాక కొవ్వొత్తి ముక్కతో ఒళ్లంతా రుద్ది మెత్తటి పాత గుడ్డతో తుడుస్తారు. డిస్టెంపర్ మొద్దుదనం పోయి, చేతికి జారే నునుపు వస్తుంది. ఇందులో ఉన్న మైనమంతా అదే, చేతికి అంటీ అంటనంత.

వెలుగు గురించి తక్కువ చెప్పినా చాలు, అది కొన్నది కాబట్టి. పది పదిహేను రూపాయలకి దొరికే ఎల్‌ఈడీ టీలైటు. లోపల సీఆర్2032 బిళ్ల. ఆ అంకెల్లోనే దాని కొలత ఉంది: ఇరవై మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. మూడు వోల్టులు. పైన ప్లాస్టిక్ మంట ఆకారం. ఆ ప్లాస్టిక్ మంటే మొత్తం పనిని పాడుచేసేది. టీచరమ్మ దాన్ని ఎమరీ పేపరుతో రాసి మసకబార్చారు, ఆపైన అంచుకి అంగుళం లోతున దింపారు. బెంచీల్లో కూర్చున్నవాళ్లకి మంట కనబడదు. కాగితం గోడ నిండిన వెలుగూ, అంచు పైన కొద్దిపాటి కాంతీ కనబడతాయి. మంటను చూపించి ఒప్పించలేనప్పుడు దాచి ఒప్పించడం మంచి నిర్ణయం. ఇంకొకటి. చౌకరకం టీలైటు ఆగకుండా రెపరెపలాడుతుంది, లోపలి చిన్న చిప్పు పని అది. నిజం మంట గాలి కదలని గదిలో నిశ్చలంగా నిలబడుతుంది, ఎప్పుడో ఒకసారి వణుకుతుంది. అందుకని ఆవిడ డబ్బాలో ఒక్కొక్కటీ వెలిగించి చూసి, ఎక్కువ ఆడేవి పక్కన పెట్టి, నిలకడవి ఏరుకుంటారు.

ఆ బిళ్ల బ్యాటరీ గురించి ఒక్కమాట గట్టిగా చెప్పాలి. చిన్నపిల్లలు మింగితే గొంతులో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాల్చేయగలదు. నిప్పు లేదు కదా అని పిల్లల చేతికి ఇచ్చే వస్తువు కాదు. అడుగు మూత స్క్రూతో బిగించేవే కొనాలి. టీచరమ్మ ఆ మూత మీద కూడా టేపు చుడతారు. మింగారని అనుమానం వచ్చినా క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి.

గుంపులో ఒక కొవ్వొత్తికి దీపమే లేదు. దాన్ని ఆరిపోయినదిగా చేశారు. గిన్నెలో గట్టిపడిన జిగురు, మధ్యలో నల్లటి వత్తి. వత్తి ఆవిడ పొలం పత్తిదే. గింజ తీసి, మూడు పోగులు పేని, జడగా అల్లి, కొస కాల్చి ఒక పక్కకి వంచారు. ఆ వంపు ఉత్త అందానికి పెట్టింది కాదు. పూర్వం కొవ్వొత్తి వత్తులు నిటారుగా నిలబడి మసి కట్టేవి, కత్తెరతో మాటిమాటికీ కొస కత్తిరించాల్సి వచ్చేది. 1820ల్లో ఫ్రాన్సులో అల్లిన నూలు వత్తి వచ్చాక ఆ బాధ తీరింది. అల్లిక బిగువుకి వత్తి మండుతూ వంగుతుంది, కొస మంట వెలుపలి అంచుకి చేరి అక్కడ బూడిదైపోతుంది. ఈ వంకర వత్తిలో రెండొందల ఏళ్ల కిందటి ఆ మెరుగు ఉంది. పత్తి మంటకి దూరంగా ఉండాలని మొదలైన పనిలో, పత్తి తన అసలు చోటు అయిన వత్తిలోకి వచ్చి కూర్చుంది, వెలగాల్సిన అవసరం లేకుండా. వెలిగే ఆరింటినీ నిజమనిపించేది ఈ ఆరిపోయినదే. నకిలీ కొవ్వొత్తుల గుంపులో ఆరిపోయినదాన్ని చేయాలని ఎవరికి తోస్తుంది?

సినిమావాళ్లకి కూడా ఈ చిక్కు తప్పలేదు. 2001లో వచ్చిన మొదటి హ్యారీ పాటర్ సినిమా కోసం భోజనశాల పైకప్పు కింద కొవ్వొత్తులు తేలేటట్టు నిజం మంటతో తీగలకి వేలాడదీశారు. మంట తీగని కాల్చింది, కొవ్వొత్తులు కింద పడ్డాయి, చివరికి వాటిని కంప్యూటర్‌లో గీయాల్సి వచ్చింది. డిస్నీ పార్కుల కోసం అక్కడి ఇంజినీర్లు ఇంకో దారి కనిపెట్టారు. పల్చటి ప్లాస్టిక్ మంట రేకుని వేలాడదీసి, కింద అయస్కాంతంతో ఊపుతూ, దాని మీదికి వెలుగు కొడతారు. అది ఇప్పుడు అలంకార కొవ్వొత్తులుగా దుకాణాల్లో దొరుకుతోంది. చూశాను, అద్భుతమైన మంట. కానీ ఆ కొవ్వొత్తి ఒళ్లు చూడండి, అచ్చులో తీసిన నునుపు. ఎంత వెలిగినా దాని మీద ఒక్క చార పడదు. మంట దగ్గర డిస్నీ గెలిచింది. మైనం దగ్గర నా ఓటు టీచరమ్మకే.

దేవుడి ముందు ఉత్తుత్తి దీపమా అని అడిగేవాళ్లు ఊళ్లో ఉన్నారు. అది కొట్టిపారేసే ప్రశ్న కాదు. కథోలిక పూజలో బలిపీఠం దగ్గర కనీసం రెండు కొవ్వొత్తులు వెలిగి ఉండాలని నియమమే ఉంది, అక్కడ అట్ట గొట్టానికి చోటు లేదు. టీచరమ్మ వెళ్లే చర్చిలో కూడా అయ్యగారు ప్రసంగ వేదిక బల్ల మీద వెలిగించేవి నిజమైనవే. క్యాండిల్ లైట్ సర్వీసుకి జనం చేతుల్లో పట్టుకునేవీ నిజమైనవే, కాకపోతే గుడి బయట ఆవరణలో, ఇసుక బకెట్లు పెట్టుకుని. ఈ కొవ్వొత్తుల చోటు నాటకం వేదిక, కిటికీ గట్లు, పశువుల పాక. హద్దు ఆవిడే గీసుకున్నారు, ఎవరూ చెప్పకముందే. నాకు ఆ హద్దు సరిగ్గా ఉందనిపించింది. నాటకంలో అట్ట కిరీటం పెట్టుకున్న జ్ఞాని పక్కన అట్ట కొవ్వొత్తి ఉండటంలో అబద్ధమేమీ లేదు. రెండూ ఒక కథ చెప్పడానికి వచ్చాయి.

ఆ మాటకొస్తే ఆ నేల మీద వెలుగుని గడతో, గుడ్డతో, కాగితంతో కట్టడం కొత్తేమీ కాదు. శివరాత్రికి కోటప్పకొండకి కదిలే ప్రభలు చూసినవాళ్లకి తెలుసు. ఎనభై, తొంభై అడుగుల ఎత్తున వెదురూ కర్రా కట్టి, రంగుగుడ్డ చుట్టి, వేల బల్బులు పొదిగి, రాత్రంతా వెలిగిస్తారు. వాటిని కట్టే చేతులకి పేరుంది, ఊరికి పోటీ ఉంది, చూడ్డానికి లక్షల మంది వస్తారు. ఇంట్లో చాప మీద కూర్చుని ఏడంగుళాల గొట్టం మీద చార వదిలే చేతికి అలాంటి పేరు రాదు. డిసెంబరు ఇరవయ్యారున స్టేజీ విప్పేటప్పుడు తోరణాలతో పాటు ఇవీ మూటలోకి వెళతాయి. ఇలాంటి పనిని కళ అని ఎవరూ అనరు. స్త్రీల సమాజం డెకరేషన్ అంటారు. అందుకే దాని గురించి ఇంత పొడుగున రాస్తున్నాను.

చేసి చూడాలనుకునేవాళ్లకి ఆవిడ చెప్పిన వరస వేరేగా ఉంది. గొట్టం ముందు కొనొద్దన్నారు. నిజం కొవ్వొత్తి ఒకటి తెచ్చి, కిటికీ పక్కన, కింద పళ్లెం పెట్టి, మొదటినుంచి చివరిదాకా కాల్చాలి, పక్కనే కూర్చుని చూడాలి. ఏ వైపు పల్లం పడింది, ఎంతసేపటికి పడింది, ఏ చార ఆగింది, ఏది అడుగుదాకా వెళ్లింది. తర్వాత గ్లూ గన్ పట్టుకుని ఖాళీ గాజుసీసా మీద చారలు వదిలి చూసుకోవాలి. గాజు మీద జిగురు చల్లారాక ఊడదీయొచ్చు, అదే సీసా మీద ఎన్నిసార్లయినా. చెయ్యి వెనక్కి తీసుకోవడం అలవాటయ్యాకే గొట్టం. పండగ అయ్యాక బ్యాటరీలు తీసి విడిగా ఓ డబ్బాలో వేసి పిల్లలకందని చోట పెట్టాలి, లేకపోతే కారి టీలైటుని తినేస్తాయి. కొవ్వొత్తుల్ని పాత చీరముక్కల్లో విడివిడిగా చుట్టి, పడుకోబెట్టకుండా నిలబెట్టి దాచాలి. మిర్చి టిక్కీలున్న గదిలో మాత్రం దాచకూడదట. ఆ గోడలకి ఘాటు పట్టి ఉంటుంది, మళ్లీ డిసెంబరులో మూట విప్పేటప్పుడు పిల్లలు తుమ్మి చస్తారని ఆవిడ గట్టిగా చెప్పారు.